రెండు కిలోల తరుగు

మీరు దొంగలు. మెత్తగా చెప్పడం నాకు రాదు, నేర్చుకునే ఓపికా లేదు.

డెలానీపూర్ రేకుల హాలులో ముప్ఫై అడుగుల గోడ మీద ప్రపంచంలోని గొప్ప బాక్సర్లందరినీ రంగుల్లో దింపిన బాక్సింగ్ సంఘం పెద్దలారా, ఆ గోడ కింద ఒక్క తూకం మిషన్ పెట్టలేకపోయారు మీరు. బాంబూఫ్లాట్ జెట్టీలో మా చేపలు కొనే గణేశ్వరరావూ, నీ ముఖం ఆ గోడ మీద వేయించుకున్నావు, నీ కాటా మా మధ్య పెట్టావు. మీరంతా కలిసి ఒక పిల్లని మూడు నెలలు పస్తు పెట్టి, చివరికి తూకం దగ్గర గెంటేశారు. ఇందులో నా పేరూ ఉంది. ఆ కాటాకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది నేనే. కాబట్టి నన్నూ కలుపుకునే తిడుతున్నాను, వినండి.

పిల్ల పేరు పద్మిని. మా అన్న అప్పలరాముడి కూతురు. పద్దెనిమిది నిండాయి, ఆ రేకుల హాలులోనే బాక్సింగ్ నేర్చుకుంటోంది. మా అన్నకి ఒక డింగీ పడవ ఉంది, రోజూ వేటకి వెళ్తాడు. తెచ్చిన దాంట్లో ఎక్కువ భాగం జెట్టీ మీద గణేశ్వరరావుకి తూస్తాం. మిగిలింది నేను గంపలో పెట్టుకుని ఫెర్రీలో హార్బర్ దాటి, అవతలి ఒడ్డున చాథంలో దిగి అమ్ముకుంటాను. అన్న, వదిన గవరమ్మ, పద్మిని, నేను. ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి.

జనవరిలో గోడ ప్రారంభం చేశారు. రిబ్బను కత్తిరించారు, మైకు పెట్టారు, సమోసాలు పంచారు. గోడ పైన హిందీలో పెద్ద అక్షరాలు, బాక్సింగ్ చరిత్రలో మహావీరులు అని. పెయింటర్ ఫోన్లో ఫోటోలు చూసి వేశాడు. మహమ్మద్ అలీ బాగానే వచ్చాడు. జో లూయిస్ మాత్రం మా వీధికి కరెంటు బిల్లు తెచ్చే మనిషిలా ఉన్నాడు. జాక్ జాన్సన్, షుగర్ రే రాబిన్సన్, దురాన్, ఇంకా నేను పేర్లు పలకలేనివాళ్లు. మేరీ కోమ్‌కి చోటు చాలక మూలకి నెట్టి, స్విచ్చిబోర్డు పక్కన మోకాళ్ల వరకే వేసి వదిలేశాడు.

చోటు ఎందుకు చాలలేదంటే, గోడకి సరిగ్గా నడుమ, అలీకీ లూయిస్‌కీ మధ్య, మెడలో గ్లౌజులు వేలాడేసుకుని దణ్ణం పెడుతూ గణేశ్వరరావు నిలబడి ఉన్నాడు. సంఘానికి పోషకుడు. రంగులు కొనిచ్చింది ఆయనే. ఆ మనిషి జన్మలో ఏదైనా గట్టిగా కొట్టాడంటే అది ఐసు పెట్టె మూతే. అలాంటివాణ్ణి అలీ పక్కన చూసేసరికి నాకు నోట్లో సమోసా చేదెక్కింది.

"అత్తా, మేరీ దీదీని సూడు. సెయ్యి ఎత్తితే కరెంట్ షాక్ లగేగా," అంది పద్మిని నా చెవిలో.

"నవ్వకే. మైకు ముందున్నాం."

గణేశ్వరరావు మాట్లాడాడు. మనవాడే, మా తాతలూ వాళ్ల తాతలూ ఒకే తీరం నుంచి వచ్చినవాళ్లే, ఇప్పుడందరూ రావుసేటు అంటారు. మాట్లాడి, దిగి, తిన్నగా పద్మిని దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి పెట్టాడు.

"బేటా, మార్చిలో టీము సెలక్షన్ గదా. నీ వెయిట్ ఎంత?"

"తెల్దు సేట్. ఇక్కడ మిషన్ లేదు."

"మిషన్ లేకపోతే ఏం? నా కాటా ఉంది. పొద్దున్నే జెట్టీకి రా, రోజూ ఎక్కి చూసుకో. బిల్కుల్ ఫ్రీ." మైకు దూరంగా ఉన్నా అందరికీ వినబడేలా అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ కాటా సంగతి చెప్పాలంటే ముందు తరుగు సంగతి చెప్పాలి. చేపకి నీరు ఉంటుంది, ఐసు అంటి ఉంటుంది, అది కరిగి పోతుంది కాబట్టి నిండు క్రేటు తూచాక రెండు కిలోలు కొట్టేసేవాళ్లు. అదే తరుగు. మా నాన్న ఇచ్చాడు, మా అన్న ఇచ్చాడు. మూడేళ్ల కింద నేను ఆడవాళ్లని పోగుచేసి, క్రేట్లకి అడ్డంగా నాలుగు రోజులు కూర్చుని ఆ తరుగు తీయించాను. గణేశ్వరరావు నవ్వుతూనే ఒప్పుకున్నాడు. "దీదీ మాటే మాట. పాత కాటా కూడా పారేద్దాం. సర్కారీ ముద్రతో ఎలక్ట్రానిక్‌ది తెప్పిస్తా," అన్నాడు. తెప్పించాడు. ఎర్ర అంకెలు మెరుస్తాయి, తలపై బంతిపూల దండ. కొబ్బరికాయ నా చేతికిచ్చారు. అప్పట్నుంచి జెట్టీ మీద నన్ను తరుగు బేబీ అంటారు. బేబీరాణి అని ఎవరూ పిలవరు. ఆ పేరు నాకు పతకంలా ఉండేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తే వెనక్కి తిరగను.

గోడ ప్రారంభమైన మర్నాడు పొద్దున్నే పద్మిని ఆ కాటా ఎక్కింది. చేపల జిగురు ఆరని ఇనప పలక మీద చెప్పులు విడిచి, దుప్పట్టా నాకిచ్చి నిలబడింది. యాభై అని చూపించింది.

కోచ్ లోకనాథం మాస్టారు ఆ అంకెని చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆయన దీవుల మధ్య తిరిగే ఓడల్లో డెక్కు మీద పనిచేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో బాక్సింగ్ ఆడాడు. జీతం లేకుండా ఆ రేకుల హాలులో ఎనిమిది మందికి నేర్పుతున్నాడు. మంచివాడే, కానీ అంకె కనబడితే నమ్మేస్తాడు.

"యాభై. అయితే నలభై ఎనిమిది కేటగిరీకి దిగొచ్చు," అన్నాడు.

"దిగకపోతే ఏటండీ మాస్టారు?" అన్నాను.

"యాభై ఒకటిలో ఆడాలి. ఆ కేటగిరీకి ఇంకా బరువైనోళ్లు పైనుంచి దించుకుని వస్తారమ్మా. మన గుంట తేలిపోతాది. నలభై ఎనిమిదిలో అయితే దీని చెయ్యి పొడుగు, దీనికి ఎదురు లేదు. రెండు కిలోలు. బస్."

రెండు కిలోలు. మూడు నెలలు మా ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా ఆ మాట దగ్గరికే వచ్చేది.

సాయంత్రం గంప ఖాళీ అయ్యాక నేను అవతలి ఒడ్డునే ఉన్న హాలుకి వెళ్లి, గోడకి ఆనుకుని కూర్చుని, పిల్ల కోసం చూసేదాన్ని. లోకనాథం మాస్టారు దెబ్బకో కథ చెప్పేవాడు. అలీ యుద్ధానికి రానన్నాడనీ, ఛాంపియన్ బెల్టు లాక్కుని మూడేళ్లకి పైగా రింగు ఎక్కనివ్వలేదనీ. జాక్ జాన్సన్ ఓడరేవులో మూటలు మోసినవాడనీ, నల్లవాళ్లు రాకుండా తెల్లవాళ్లు ఆ బెల్టుకి కట్టుకున్న కంచె మొదట దూకింది అతనేననీ. దురాన్ బూట్లు తుడిచిన కుర్రాడనీ. గోడ మీద లేని ఒకడి గురించి కూడా చెప్పేవాడు, జిమ్మీ వైల్డ్ అట, బొగ్గుగనిలో పనిచేసినవాడు, నలభై తొమ్మిది కిలోలు మించేవాడు కాదట, తనకంటే బస్తా ఎక్కువ బరువున్నవాళ్లని పడగొట్టేవాడట.

"మరి వీళ్లందరిలో ఎవడు గొప్పోడు?" అని అడిగాను ఒకరోజు. కొట్లాట పెట్టడం నాకు సరదా.

"అలీ," అంది పద్మిని, తాడు ఆడుతూనే.

"రాబిన్సన్," అన్నాడు మాస్టారు. "బరువు పక్కన పెట్టి సూడాలమ్మా. ఏనుగునీ గుర్రాన్నీ ఒకే బరిలో నిలబెట్టలేం గదా. అందుకని తూకానికి తూకం సరిసమానం చేస్తే ఎవడు గొప్ప అని లెక్కేస్తారు. ఆ లెక్కలో రాబిన్సనే."

"తూకానికి తూకం. మా జెట్టీ మాట."

"అదే మాట. ఇంకోటి సెప్పనా? అలీ, లూయిస్ లాంటి హెవీవెయిట్‌లకి పై హద్దు లేదు. ఎంత లావెక్కినా ఆడొచ్చు. హద్దంతా తేలికోళ్లకే."

నేను తల తిప్పి గోడ మీద గణేశ్వరరావు పొట్టకేసి చూశాను. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు నాకు అసహ్యం. నవ్వుతూ ఏం చూడాలో అది చూడలేదు.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. మా అన్న అసలు మెత్తని మనిషి. వలలో తాబేలు పడితే క్షమాపణ చెప్పి మరీ వదులుతాడు. ఆ మూడు నెలలూ వేరే మనిషి అయ్యాడు. పిల్ల కంచం ముందు కూర్చుని ముద్దలు చూసేవాడు. ఒకరోజు గవరమ్మ అన్నం కింద గుడ్డు దాచిపెట్టి వడ్డించింది. అన్న చేత్తో అన్నం తోసి, గుడ్డు బయటికి తీసి, పెరట్లోకి విసిరాడు.

"ఏటయ్యా ఇది? అది నీ కూతురా, పగోళ్ల గుంటా?" అంది గవరమ్మ.

"నలభై తొమ్మిదిన్నర మీద ఆగిపోనాది అంకె. వారం నుంచి కదల్దు. నువ్విలగ గుడ్లు దాస్తే ఎలగ?"

"అంకె అంకె అంకె. దానికి రెండు నెల్లై నెలసరి రాలేదు. ఆ అంకె ఎవులికి సెప్పను?"

అన్న లేచి బయటికి పోయాడు. పద్మిని మిగిలిన అన్నం కూడా పక్కకి జరిపి, "అమ్మా, టెన్షన్ మత్ లో, కంగారు పడకు. టీములోకెళ్లాక సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో రోజుకి నాలుగు గుడ్లంట," అంది. ఆమె పళ్ల చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. నేను చూశాను. చూసి ఏం అన్నాను? "ఇంకా కిలోన్నరే గదే, ఓర్సుకో," అన్నాను. నేను అన్న మాట అది. పోట్లాటకి పుట్టిన తరుగు బేబీ మాట.

సెలక్షన్ మార్చి చివర్లో. ఆ పొద్దున్న ఐదున్నరకి, ఫెర్రీకి ముందు, చివరిసారి కాటా ఎక్కింది. నలభై ఎనిమిది. పాయింట్ సున్నా. జెట్టీ మీదున్నవాళ్లంతా అరిచారు. నూకయ్య అనే ముసలాయన, మా పక్క డింగీ ఆయన, తన టోపీ తీసి గాల్లోకి విసిరితే అది వెళ్లి ఐసు పెట్టెలో పడింది. గణేశ్వరరావు మనిషి పిల్లకి స్వీట్ పెట్టబోతే మా అన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. "తూకం అయ్యాక, తూకం అయ్యాక."

హాలులో తూకానికి మెయిన్‌లాండ్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. ముందే అనుమానం ఉన్నట్టుంది, తన మిషన్ తనే సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. ఆడపిల్లలకి వేరే గది. పద్మినితో నేను లోపలికి వెళ్లాను. పిల్ల బట్టలు తీసి, ముక్కుపుడక కూడా తీసి నా అరచేతిలో పెట్టి, అద్దం పలక మీదికి ఎక్కింది.

యాభై పాయింట్ మూడు.

మేడమ్ దిగమంది. మళ్లీ ఎక్కమంది. యాభై పాయింట్ మూడు.

"కాదు మేడమ్," అంది పద్మిని. "సుబే ఐదున్నరకి నలభై ఎనిమిది వచ్చింది. పక్కా నలభై ఎనిమిది."

మేడమ్ గడియారం చూసింది. తూకం మూసేయడానికి యాభై నిమిషాలుంది. అప్పటిదాకా ఎన్నిసార్లైనా ఎక్కవచ్చంది. పద్మిని ఏడవలేదు. నా వైపు తిరిగి, "మేరీ దీదీ పోలండ్‌లో నాలుగు గంటల్లో రెండు కిలోలు దించింది అత్తా, తాడాడి," అంది. లోకనాథం మాస్టారు వానకోటు తెచ్చాడు. దాని మీద మా అన్న స్వెటర్. గోడ ముందు, స్విచ్చిబోర్డు కింద, మోకాళ్ల వరకే ఉన్న మేరీ కోమ్ పక్కన పద్మిని తాడు అందుకుంది.

యాభై నిమిషాలు ఆడింది. నేను లెక్కపెట్టలేదు. ఆ తాడు నేలకి కొట్టుకునే చప్పుడు మాత్రం ఇప్పటికీ వినబడుతుంది. మా అన్న ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద పడ్డ చెమటని తువ్వాలుతో తుడుస్తున్నాడు. తుడిచిన తువ్వాలు పిండి చూస్తున్నాడు, ఎంత దిగిందో అని. సంఘం పెద్దలు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతున్నారు. ఒకాయన బిస్కెట్ ముంచుకుంటూ అన్నాడు, "ఈ మచ్చీవాలీ పిల్లలకి డైట్ కంట్రోల్ నహీ హోతా." చేపలోళ్ల పిల్లలకి నోరు కట్టుకోవడం రాదట. నేను విన్నాను. ఆయన మీదికి వెళ్లేదాన్నే, కానీ తాడు ఆగుతుందేమోనని వెళ్లలేదు.

నలభై తొమ్మిది పాయింట్ ఆరు. టైమ్ అయిపోయింది.

మాస్టారు మేడమ్‌తో వాదించాడు. మీ మిషన్ తప్పు, మా కాటాకి సర్కారీ ముద్ర ఉంది అన్నాడు. మేడమ్ కోపం తెచ్చుకోలేదు. "బరువు తెలిసినది ఏదైనా తీసుకురండి," అంది హిందీలో. మాస్టారు కసరత్తు సామానులోంచి పది కిలోల ఇనప పళ్లేలు రెండు తెచ్చి పెట్టాడు. ఇరవై. సరిగ్గా ఇరవై. మాస్టారు నోటుబుక్కు మూసేశాడు.

మేడమ్ కాగితాలు తిరగేసి ఇంకో మాట అంది. యాభై ఒకటిలో ఎవరూ పేరు ఇవ్వలేదు, ఆ సీటు ఖాళీగా పోతోంది. పద్మినిని అందులో పంపమని సంఘం ఒక్క ఉత్తరం రాసిస్తే తనకి అభ్యంతరం లేదు, టీము బయల్దేరేదాకా టైముంది అంది. మేం కుర్చీలవైపు తిరిగాం. బిస్కెట్ ఆయన మూతి తుడుచుకుని, "రావు సేట్‌ని అడగాలి," అన్నాడు.

తిరుగు ఫెర్రీలో, మమ్మల్ని దింపడానికి వచ్చిన మాస్టారుతో కలిపి నలుగురం వెనక ఇంజను పక్కన కూర్చున్నాం. గవరమ్మ రాలేదు, ఇంట్లో పాయసం వండి ఎదురుచూస్తోంది. పద్మిని స్వెటర్ విప్పకుండానే నా భుజం మీద నిద్రపోయింది. నీళ్లు అరటి ఆకులా పచ్చగా, మెరుస్తూ ఉన్నాయి, నాకు వాటిని చూసినా రోత పుట్టింది.

మా అన్న మాస్టారు వైపు తిరిగాడు. "మాస్టారూ. అక్కడ ఎంత సూపింది?"

"యాభై పాయింట్ మూడు."

"జెట్టీ మీద?"

"నలభై ఎనిమిది."

అన్న వేళ్లు మడిచాడు. విప్పాడు. నిండు క్రేటు ఎత్తేటప్పుడు చేతులు పెట్టినట్టు, గాల్లో చేతులు పెట్టి బరువు చూశాడు.

"రెండు కిలోలు," అన్నాడు. "తరుగు."

మాస్టారు రేవు వైపు చూశాడు. నేను పడవ అంచు మీదుగా వంగి కక్కుకున్నాను. సముద్రం మీద పుట్టినదాన్ని, ఎప్పుడూ ఫెర్రీలో కక్కలేదు.

అర్థమైందా మీకు? నేను తరుగు తీయించలేదు. తరుగుని మిషన్ లోపలికి పంపించాను, దానికి పసుపు రాశాను. మూడేళ్లు ఆ జెట్టీ మీద ప్రతి నిండు క్రేటూ రెండు కిలోలు పోగొట్టుకుంది. మా పిల్లనీ అది క్రేటు తూచినట్టే తూచింది. జనవరిలో యాభై అని చూపించినప్పుడు పిల్ల అసలు బరువు యాభై రెండు దాటి ఉంది. ఆ నిజం తెలిస్తే మాస్టారు కళ్లు మూసుకుని యాభై ఒకటిలో వేసేవాడు. ఒక్క కిలో చాలు. గుడ్డు పెరట్లో పడేది కాదు.

మర్నాడు పొద్దున మాస్టారు మొదటి ఫెర్రీకే బాంబూఫ్లాట్ వచ్చాడు, సంచిలో ఆ రెండు ఇనప పళ్లేలతో. జెట్టీ మీద ఇరవై డింగీల వాళ్లున్నారు. పళ్లేలు కాటా మీద పెట్టాడు. ఎర్ర అంకెలు పంతొమ్మిది పాయింట్ ఒకటి దగ్గర ఆగాయి. మళ్లీ పెట్టాడు, అదే. నేను అందర్నీ పిలిచి చూపించాను. పళ్లెం మీద పది అని అచ్చు పోసి ఉంది, చదువు రానివాళ్లు కూడా వేలితో తడిమి చూశారు.

గణేశ్వరరావు వచ్చాడు. చూశాడు. ముఖంలో రంగు మారలేదు.

"మిషన్‌కి తడి తగిలితే అలగే సూపుతాది దీదీ. ఉప్పుగాలి. రిపేరు సేయిస్తా."

"మూడేళ్ల నుంచి తడేనా రావూ? ఒక్కసారైనా మా వైపు ఎక్కువ సూపలేదేం ఆ తడి?"

ఎవరో నవ్వారు. అంతే, ఆ నవ్వుతో సరి. ఐదు నిమిషాలు గడవలేదు, నూకయ్య తన కోనాం చేపల క్రేటు ఎత్తి అదే కాటా మీద పెట్టాడు. "ఐసు కరిగిపోతున్నాది బేబీ. మరేటి సెయ్యమంటావు? ఇంకెవులికి తూచాలి?" అన్నాడు, నా ముఖం చూడకుండా. అతని వెనక ఇంకొకడు నిలబడ్డాడు. ఆ వెనక ఇంకొకడు. దొంగ కాటా ముందు క్యూ కట్టారు నా జనం, రేషన్ షాపులో నిలబడ్డట్టు. గణేశ్వరరావు మీద కంటే వాళ్ల మీద ఎక్కువ రోత పుట్టింది నాకు ఆ క్షణాన.

అప్పుడు గణేశ్వరరావు మా అన్న భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకొచ్చాడు. నేనూ పద్మినీ అక్కడే ఉన్నాం.

"అప్పలరాముడూ, గుంట కష్టం నాకు తెల్సు. ఆ యాభై ఒకటి సీటుకి ఉత్తరం ఈ సాయంత్రమే రాయిస్తా. టీములో ఎల్తాది. ఖర్చంతా సంఘానిది. ఈ కాటా గోల మాత్రం ఇక్కడితో ఆపండి. మనోళ్ల మజ్జే గదా, పోలీసు, పేపరు దేనికి?"

మా అన్న నా వైపు చూశాడు. నేను ఏం చేశానో రాస్తున్నాను, ఎందుకంటే ఇది రాయకపోతే పైన రాసిందంతా బూటకం. నేను నోరు తెరవలేదు. పిల్ల చిగుళ్లు గుర్తొచ్చాయి. నాలుగు గుడ్లు గుర్తొచ్చాయి. పోనీ, తీసుకుందాం అనుకున్నాను. తల కూడా కొంచెం ఊపానేమో.

పద్మిని చెప్పులు విడిచింది. దుప్పట్టా తీసి నాకిచ్చింది, రోజూ ఇచ్చినట్టే. వెళ్లి నూకయ్య క్రేటుని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టింది. కాటా ఎక్కి, జిగురు పలక మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎర్ర అంకెలు కాసేపు కదిలి, నలభై తొమ్మిది దగ్గర ఆగాయి.

"దిగు బేటా," అన్నాడు గణేశ్వరరావు.

"నా బరువు సెప్పు సేట్, దిగుతాను."

"అదిగో, సూపుతోంది గదా."

"అది నీ బరువు. నాది సెప్పు."

నూకయ్య వంగి తన క్రేటు తీసుకున్నాడు. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తీసుకెళ్లి తన డింగీలో పెట్టుకున్నాడు. మా అన్న వెళ్లి కాటా పక్కన, పిల్ల ఎండలో ఉంది కదా అని, తన నీడ పడేలా నిలబడ్డాడు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. వంతులు వేసుకుని కూర్చుంటున్నాం. పొద్దున పద్మిని, మధ్యాహ్నం గవరమ్మ, సాయంత్రం నేను. ఆ కాటా మీద ఒక్క చేప తూగలేదు. చేపలు ఆడవాళ్లం గంపల్లో పెట్టుకుని ఫెర్రీ మీద అటు తీసుకెళ్లి అమ్ముతున్నాం, కొన్ని పాడవుతున్నాయి, పాడవనీ. పద్మిని రోజుకి రెండు గుడ్లు తింటోంది, మా అన్నే ఒలిచి పెడుతున్నాడు. టీము ఇంకో తొమ్మిది రోజుల్లో బయల్దేరుతుంది.

కాబట్టి వినండి. తూనికలు కొలతల ఆఫీసరు గారూ, మమ్మల్ని మీ ఆఫీసుకి రమ్మనకండి. మీ పరీక్ష రాళ్లు పట్టుకుని రేపు పొద్దున మొదటి ఫెర్రీకి జెట్టీకి రండి, అందరి ముందూ తూచండి, ఈ ఒక్క కాటానే కాదు, ఈ హార్బర్ చుట్టూ చేప కొనే ప్రతివాడి కాటా. తప్పు తేలినవాడి కాటా అక్కడే పగలగొట్టండి, సుత్తి మా అన్న ఇస్తాడు. సంఘం పెద్దలారా, ఆ ఉత్తరం రాయండి, ఎవరినీ అడగకుండా, ఎవరికీ ఏ బేరమూ లేకుండా, ఈ వారమే. హాలులో మిషన్ పెట్టండి. గోడ మధ్యలో ఉన్న ఆ మనిషి మీద సున్నం కొట్టండి. సున్నం నేనే తెస్తాను, కుంచె నేనే పడతాను. ఆ చోట మేరీ కోమ్‌ని కాళ్లతో సహా వేయించండి.

పిల్ల కాటా మీదే ఉంది. వచ్చి దాని బరువు దానికి చెప్పండి.